లక్నవరం చెరువులో పడవ మీద ఒక రోజు నింపాదిగా గడపడం ఎలా?

వరంగల్, హనుమకొండ వాళ్లకు లక్నవరం కొత్తేమీ కాదు. పొద్దున పదింటికి బయల్దేరతారు, మధ్యాహ్నం చేరతారు, వేలాడే వంతెన మీద నాలుగు ఫోటోలు దిగుతారు, స్పీడు బోటులో గిర్రున ఒక చుట్టు తిరుగుతారు, చీకటి పడకముందే బిర్యానీ వెతుక్కుంటూ ములుగు వైపు పరుగు తీస్తారు. ఇంటికొచ్చాక అడిగితే "బాగానే ఉంది గానీ, అంత దూరం పోయేంత ఏముంది?" అంటారు. ఉన్నదాన్ని చూడకుండా వస్తే ఏముంటుంది మరి?

మా ఇంటికి చుట్టాలెవరు వచ్చినా లక్నవరం చూపించే పని నాది. ఏటా నాలుగైదు సార్లు తప్పదు. మేనకోడలికి సెలవులొస్తే లక్నవరం, బావమరిది కొత్త కారు కొంటే లక్నవరం. ఇన్నిసార్లు తిరిగాక నాకు అర్థమైంది ఒక్కటే. రోజు బాగుండేదీ చెడిపోయేదీ నీళ్ల మీద కాదు, పడవ ఎక్కి దిగే జెట్టీ అంచున. మిగతా పనులు ఎవరికి తోచినట్టు వాళ్లు చేసుకోవచ్చు (నేను చెప్పినట్టు చేస్తే మంచిది). జెట్టీ దగ్గర మాత్రం నేను చెప్పినట్టే చేయాలి.

ఎప్పుడు వెళ్లాలి

కార్తీకం నుంచి పుష్యం దాకా. వేరే నెలల మాట ఎత్తొద్దు.

బోర్డుల మీద సరస్సు అని రాస్తారు గానీ, లక్నవరం చెరువే. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, అంటే 13వ శతాబ్దంలో, గుట్టల నడుమ సందులకు కట్టలు పోసి నీళ్లు నిలిపారు. మిగతా గోడల పని గుట్టలే చూసుకున్నాయి. దీవులని మనం మురిసిపోయేవి కూడా నీళ్లలో మిగిలిన గుట్టల తలలే. ఈ నీళ్లు మన షికారు కోసం ఆపినవి కాదు, కింద ఉన్న వరి పొలాల కోసం. వానాకాలం నిండిన చెరువు, యాసంగికి తూము ఎత్తాక దిగుతూ పోతుంది. ఎండాకాలం వెళితే చుట్టూ మట్టి అంచు తేలి, ఒడ్డు నుంచి పడవలోకి దిగడమే ఒక సర్కస్ అవుతుంది. వానలు పడేటప్పుడు గాలి నమ్మకం ఉండదు. మిగిలింది చలికాలమే.

ఆదివారం వద్దు, పండుగ సెలవు వద్దు. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర వస్తుంది. అప్పుడు ఆ రోడ్డు మీద షికారు మాట మర్చిపోండి. సమ్మక్క సారలమ్మల దగ్గరికి వెళ్లేవాళ్లదే ఆ దారి.

వరంగల్ నుంచి 70, 80 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. ఆరింటికల్లా ఇంట్లోంచి బయటపడాలి. ములుగు రోడ్డు పట్టుకుని, గట్టమ్మ తల్లికి దండం పెట్టుకుని, ములుగు దాటాక చల్వాయి దగ్గర కుడికి తిరిగి బుస్సాపూర్ మీదుగా లోపలికి వెళ్లాలి. దారిలో ఎవరో ఒకరు "రామప్ప కూడా ఇయ్యాలనే చూసేద్దాం" అంటారు. ఒప్పుకోకండి. 1213 నాటి గుడి అది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. దాన్ని అరగంటలో చుట్టేసి రావడం దానికీ మర్యాద కాదు, మీకూ కాదు. గుడి శిఖరానికి నీళ్లలో తేలే ఇటుకలు వాడారని చెప్పుకుంటాం కదా. తేలేవి రోజుకు ఒకటి చాలు. ఇవాళ పడవ, ఇంకో రోజు ఇటుకలు.

ఏ పడవ, వెంట ఏమేమి

అడుగు వెడల్పుగా ఉండి, పైన కప్పు ఉన్న మోటారు పడవ. అంతే. స్పీడు బోటు వద్దు. ఐదు నిమిషాలు ముఖం మీద నీళ్లు కొట్టించుకోవడానికి అంత దూరం ఎందుకు, ఇంట్లో బకెట్ ఉంది. కాళ్లతో తొక్కే పడవ పిల్లలకు పది నిమిషాల ముచ్చట, ఆ తర్వాత తొక్కేది నాన్నే.

కుదిరితే తలకో టికెట్ కాకుండా పడవ మొత్తం మాట్లాడుకోండి. గంట లెక్కన ఇస్తారా అని కౌంటరులో అడగండి. కుదరదంటే వరసగా రెండు రౌండ్లకు టికెట్లు తీసుకోండి. ఒక రౌండులో ఫోటోల పిచ్చి తీరిపోతుంది, రెండోదాంట్లో చెరువు కనిపిస్తుంది.

తీసుకెళ్లాల్సినవి తాగేనీళ్లు, తాడున్న టోపీలు, ఒక తువ్వాలు, ఫోన్లు పెట్టుకోవడానికి జిప్పున్న ప్లాస్టిక్ కవర్లు. నీళ్ల మీద ఎండ పైనుంచి ఒకసారి, కింద నుంచి ఒకసారి కొడుతుంది. కప్పు ఉంది కదా అని టోపీ వదిలేయకండి. కాళ్లకు మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులే వేసుకోవాలి. హవాయి చెప్పులతో వచ్చినవాళ్లను నేను పడవ ఎక్కనివ్వను. తిండి విషయంలో నా మాట చివరి మాట: పులిహోర, సర్వపిండి, ఉడకబెట్టిన పల్లీలు. పులుసు, రసం, సాంబారు లాంటివి ఏవైనా ఒడ్డు మీదే. సర్వపిండి ముక్కలు చేసి స్టీలు డబ్బాలో పెట్టుకుంటే గాలికి ఎగరదు, చేతులకు అంటదు, సాయంత్రం దాకా మెత్తబడదు. చిప్స్ ప్యాకెట్లు తెస్తే సగం చిప్స్ పొట్టలోకి, ప్యాకెట్లన్నీ చెరువులోకి పోతాయి. మందు సీసాలు అసలే వద్దు. దీని మీద చర్చ లేదు.

లైఫ్ జాకెట్

జాకెట్ ఇస్తారు. తీసుకున్నాం, తగిలించుకున్నాం, అయిపోయింది అనుకుంటారు. తగిలించుకోవడం వేరు, వేసుకోవడం వేరు.

అన్ని క్లిప్పులూ పెట్టుకుని, పట్టీలు లాగి బిగించాలి. తర్వాత పక్కవాళ్లను జాకెట్ భుజాల దగ్గర పట్టుకుని పైకి ఎత్తమనండి. జాకెట్ చెవుల దాకా లేచి, మనిషి మాత్రం కింద మిగిలాడంటే అది వదులు. నీళ్లలో పడినా అదే జరుగుతుంది, జాకెట్ పైకి, మనిషి కిందికి. పిల్లలకు పిల్లల సైజే అడగండి. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉంటే దాన్నీ పెట్టండి. పెద్దవాళ్ల జాకెట్ పిల్లాడికి వేసి తాడుతో కట్టడం నేను చూశాను. అది జాకెట్ కాదు, గంప. చున్నీ, కొంగు జాకెట్ లోపల ఉండాలి, బయట వేలాడకూడదు.

"వాసనొస్తుంది", "ఉక్కపోస్తుంది", "ఫోటోలో బాగుండదు" లాంటి మాటలు వినిపించుకోకండి. మెడ దగ్గర గరుకుగా ఉంటే తువ్వాలు మడిచి పెట్టుకోమనండి. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు, అందులో మన కాజీపేట పక్కనున్న కడిపికొండ నుంచి వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు. గోదావరి వరద వేరు, ఈ చెరువు వేరు, నిజమే. అయినా ఆ తర్వాత నుంచి మా ఇంట్లో జాకెట్ విప్పుతానన్నవాళ్లు లేరు.

అసలు పని: పడవ ఎక్కడం

మిగతావన్నీ తొందరగా చెప్పేశాను. ఇది మాత్రం నెమ్మదిగా చెబుతాను, మీరూ నెమ్మదిగా చదవండి.

కొన్నేళ్ల కిందట ఇంకో చెరువు దగ్గర, పేరు ఎందుకులెండి, మా చిన్న బావమరిది రెండు చేతులతో ఐసు డబ్బా పట్టుకుని పడవ ఎక్కబోయాడు. పడవకు ముందు తాడు ఒక్కటే కట్టి ఉంది. కుడికాలు పడవ అంచు మీద పెట్టాడు, ఎడమకాలు జెట్టీ మీదే ఉంది. పడవ కదిలింది. మధ్యలో జానెడు సందు మూరెడైంది. "బావా, పోతంది!" అన్నాడు. ఏది పోతోందని నేను చూసేలోపు మూరెడు కాస్తా బారెడైంది. వాడు అటు పోలేడు, ఇటు రాలేడు. చేతిలో డబ్బా వదిలితే పట్టుకోవడానికి చేతులు ఉండేవి, కానీ డబ్బాలో ఐస్‌క్రీములు ఉన్నాయట, వదల్లేదు. పడవతను వెనక నుంచి బెల్టు పట్టుకుని లాగితే సగం తడిసి బయటపడ్డాడు. మోకాలి కింద చర్మం మొత్తం గీసుకుపోయింది, ఫోన్ నీళ్లపాలు. ఐసు డబ్బాకు మాత్రం ఏమీ కాలేదు. దానికి తేలడం వచ్చు.

రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దని పెద్దలు అంటుంటే ఏదో మాటవరసకు అనుకుంటాం. ఒక పడవ, ఒక జెట్టీ అయినా ఫలితం అంతే.

ఎందుకిలా అవుతుందో ఒకసారి ఆలోచించండి. నేల మీద మనం కాలితో వెనక్కి తన్నితే నేల కదలదు, కాబట్టి మనమే ముందుకు పోతాం. పడవలో అలా కుదరదు. దాని మీద కాలు మోపి అవతలికి ఒత్తితే అది అవతలికే జారుతుంది. మనం ఎంత తొందరగా అడుగేస్తే అది అంత తొందరగా పారిపోతుంది. పైగా నిలబడిన మనిషి బరువంతా పైన ఉంటుంది. పడవ అంచున కాలు పెడితే ఆ వైపు కుంగుతుంది, కుంగగానే మనం బెదిరి రెండో వైపు వాలతాం, పడవ రెండో వైపు ఊగుతుంది. కూర్చున్న మనిషికి ఈ బాధ లేదు. బరువు ఎంత కిందికి దిగితే పడవ అంత కుదురుగా ఉంటుంది.

అందుకే మొదట చూడాల్సింది తాళ్లు. పడవకు ముందొక తాడు, వెనకొక తాడు, రెండూ జెట్టీకి కట్టి ఉండాలి. ఒక్కటే కట్టి ఉంటే ముందు భాగం అక్కడే ఉంటుంది, వెనక భాగం తలుపు తెరుచుకున్నట్టు తెరుచుకుంటుంది. మా బావమరిదికి జరిగింది ఇదే. "అన్నా, ఎనకది గూడ కట్టు" అని అడగడానికి మొహమాటపడకండి. కొందరు పడవ వాళ్లు "నేను పట్టుకుంట తియ్యండ్రి" అంటారు. మనిషి పట్టుకున్నది వేరు, మూడు చుట్లు చుట్టి ముడి వేసింది వేరు. పట్టుకున్న మనిషికి ఫోన్ వస్తుంది, తుమ్ము వస్తుంది.

రెండోది, చేతులు ఖాళీగా ఉండాలి. సంచులు, డబ్బాలు, చంటిపిల్లలు ఎవరి చేతుల్లోనూ ఉండకూడదు. ముందు ఒక్క మనిషి ఖాళీ చేతులతో ఎక్కి లోపల కూర్చోవాలి. తర్వాత సామాను అతని చేతికి అందించాలి. పిల్లల్నీ అలాగే, కూర్చున్న మనిషి చేతికి అందించాలి. బిడ్డను చంకలో పెట్టుకుని ఒంటికాలి మీద పడవలోకి అడుగేసే తల్లులను చూస్తే నాకు చెమటలు పడతాయి.

చీర కట్టుకున్నవాళ్లు కొంగు నడుముకు దోపుకుని, కుచ్చిళ్లు నాట్లేసేటప్పుడు ఎత్తి దోపుకున్నట్టు దోపుకోండి. కుచ్చిళ్లు చేత్తో పట్టుకుంటే పట్టు కోసం ఒకటే చెయ్యి మిగులుతుంది.

ఇప్పుడు ఎక్కే పద్ధతి. ఇది మా అమ్మ చూపించింది. జెట్టీ దగ్గర కుర్రాళ్లంతా దూకి ఎక్కుతుంటే ఆమె జెట్టీ అంచున చతికిలబడింది. మా వాళ్లు నవ్వారు. "కూసోని దిగితే ఏం పోతదిరా? ఎడ్లబండి దిగినట్టే గద" అంది. కూర్చునే రెండు కాళ్లూ పడవలోకి దించి, నడుమ మోపి, అటు బల్లను ఒక చేత్తో పట్టుకుని, అలా జరిగి లోపల కూర్చుంది. పడవ ఊగనైనా ఊగలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరం ఎడ్లబండి దిగినట్టే పడవ ఎక్కుతాం. ఆరడుగుల బావమరిది కూడా.

చేయాల్సిందల్లా ఇంతే. జెట్టీ అంచున పక్కవాటంగా కూర్చోండి. కాళ్లు పడవ అంచు మీద కాదు, అడుగున, సరిగ్గా నడుమ పెట్టండి. ఒక చెయ్యి జెట్టీ మీద ఉండగానే రెండో చేత్తో పడవలో కదలనిదాన్ని, అంటే బల్లనో కప్పు కమ్మీనో పట్టుకోండి. అప్పుడు బరువు మార్చండి. నిటారుగా లేవకండి. నడుం వంచే ఉంచి దగ్గరి బల్ల మీద కూర్చోండి. మీరు కూర్చున్నాకే తర్వాతి మనిషి కదలాలి. ఇద్దరు ఒకేసారి వద్దు, భార్యాభర్తలైనా సరే, కొత్తగా పెళ్లయినా సరే.

పడవ అంచు జెట్టీ కన్నా ఎత్తుగా ఉంటే జెట్టీ మీద కూర్చోవడం కుదరదు. అప్పుడు ఎవరైనా ఒకరు అవతలి వైపు కూర్చుని ఉండగా, ఈ వైపు అంచు మీద ఆని, తిరిగి, కాళ్లు లోపలికి వేసుకోవాలి. ప్లాస్టిక్ డబ్బాలు కలిపి చేసిన తేలే జెట్టీ అయితే అదీ ఊగుతుందని గుర్తుంచుకోండి. దాని మీద పదిమంది ఒకే అంచుకు వచ్చి నిలబడితే అదీ ఒక పక్కకు వంగుతుంది. వెనక ఉన్నవాళ్లు వెనకే ఉండాలి.

సాయం పట్టేవాళ్లకు ఒక మాట. వేళ్లు పట్టుకోకండి, జారిపోతాయి. మీరు వాళ్ల మణికట్టు, వాళ్లు మీ మణికట్టు పట్టుకోవాలి. పట్టుకున్నాక లాగకండి. చాలామంది సాయం అంటే లాగడం అనుకుంటారు. నిలబడి ఇంకో నిలబడిన మనిషిని లాగితే ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడతారు. మీరు గుంజలా ఉండండి చాలు, వాళ్లే పట్టుకుంటారు.

ఇక వేళ్లు. పడవ పక్కన పాత టైర్లు వేలాడుతుంటాయి చూడండి. పడవ వచ్చి జెట్టీకి కొట్టుకున్నప్పుడు ఆ టైరు ఎంతగా నొక్కుకుపోతుందో ఒకసారి దగ్గర నుంచి చూడండి. మందపాటి రబ్బరు, మధ్యలో గాలి కూడా లేకుండా చపాతీలా అయిపోయి, పడవ వెనక్కి తగ్గగానే నీళ్లు కారుతూ మళ్లీ గుండ్రంగా ఉబ్బుతుంది. అక్కడ మీ వేళ్లున్నాయనుకోండి. వేళ్లు మళ్లీ ఉబ్బవు. పడవ దగ్గరికి వస్తుంటే ఆపుదామని చెయ్యి, కాలు అడ్డం పెట్టొద్దు. పదిమందిని మోసే పడవ మెల్లగా వస్తున్నట్టే కనిపిస్తుంది. బరువు మెల్లగా వచ్చినా బరువే. గాలి పడవను జెట్టీ వైపు నెడుతుంటే వేళ్లకు ప్రమాదం, జెట్టీ నుంచి అవతలికి నెడుతుంటే సందుతో ప్రమాదం. ఎక్కేముందు ఒక్క నిమిషం నిలబడి గాలి ఎటు కొడుతోందో చూసుకుంటే ఇవాళ ఏ ప్రమాదమో తెలిసిపోతుంది.

"దుంకుండ్రి అన్నా, ఏం కాదు" అనే పడవ వాళ్లుంటారు. వాళ్లకు ఏం కాదు, నిజమే. రోజూ వంద సార్లు ఎక్కి దిగుతారు, వాళ్ల పాదాలకు పడవ అడుగు కంఠతా వచ్చు. మనం ఏడాదికోసారి వచ్చేవాళ్లం. నవ్వితే నవ్వనివ్వండి, కూర్చునే ఎక్కండి.

ఎక్కాక కుడి ఎడమలు సమంగా సర్దుకోవాలి. బరువైనవాళ్లు నడుమ, పిల్లలు పెద్దవాళ్ల లోపలి వైపు. "నాకు కిటికీ సీటు" అనేవాళ్లుంటారు. ఇది బస్సు కాదని చెప్పండి.

నీళ్ల మీద

ఇక్కడి నుంచి హాయి. పొద్దున గాలి తక్కువ, నీళ్లు అద్దంలా ఉంటాయి. మధ్యాహ్నానికి గాలి లేస్తుంది. అందుకే తొమ్మిదింటికల్లా పడవలో ఉండమంటాను.

పడవతనితో ముందే మాట్లాడుకోండి. "అన్నా, తొందరేం లేదు, దీవి చాటుకు తీస్కపోయి కాసేపు ఇంజన్ బంద్ చెయ్యి" అని. దీవి చాటున గాలి తగలదు, పడవ నిలకడగా ఉంటుంది. ఇంజన్ ఆగిన మొదటి నిమిషం చెవుల్లో దాని మోతే ఉంటుంది. అది తగ్గాక ఒక్కొక్కటీ వినిపిస్తాయి. పడవ అడుగున నీళ్లు టప్ టప్ మనడం, ఎక్కడో కట్ట మీద పోయే ట్రాక్టర్, చెట్ల మీద పిట్టలు. మనం కదలకపోయినా పడవ ఊరుకోదు. నెమ్మదిగా తనంతట తానే తిరిగి గాలికి అడ్డంగా నిలబడుతుంది. అప్పటిదాకా వెనక ఉన్న గుట్ట ముందుకొస్తుంది. కదలకుండా కూర్చున్నవాళ్లకు చెరువంతా చూపిస్తుంది.

మోడు మీద రెక్కలు చాచుకుని కూర్చున్న నల్లటి పిట్ట నీటికాకి. మా మేనకోడలు "దండం పెడుతోంది మామయ్యా" అంది. దండం కాదు, బట్టలారేసుకోవడం. దాని ఈకలు బాతు ఈకల్లాగా నీళ్లను పూర్తిగా ఆపవు, తడుస్తాయి. తడిస్తేనే లోతుకు మునగడం తేలిక. మునిగి చేప పట్టాక ఇలా ఎండలో ఆరబెట్టుకోవాలి. పడవ దగ్గరికి వెళ్లినా లేవలేదంటే బాగా తడిసిందని లెక్క. దాన్ని లేపడానికి ఈలలు వేసేవాళ్లను నేను మళ్లీ ఎప్పుడూ వెంట తీసుకెళ్లను.

ఫోటోల విషయంలో ఒక్కటే నియమం. ఫోటో తీసే మనిషి జరగాలి, ఫోటోలో ఉండేవాళ్లు జరగకూడదు. "అందరూ ఈ పక్కకు రండి" అనే మాట పడవలో వినపడకూడదు. అందరూ ఒక పక్కకు వస్తే పడవా వస్తుంది.

చెయ్యి నీళ్లలో ముంచుకోవచ్చు, ఇంజన్ ఆగినప్పుడు మాత్రమే. ఈత కొడతామనేవాళ్లను కూర్చోబెట్టండి. అడుగున గుట్ట వాలు ఎక్కడుందో, పాత చెట్ల మోళ్లు ఎక్కడున్నాయో, బురద ఎంత లోతుందో పైనుంచి తెలియదు.

దిగడం

ఎక్కేటప్పుడు అందరూ భయపడతారు కాబట్టి జాగ్రత్తగానే ఉంటారు. దిగేటప్పుడు ధైర్యం వచ్చేస్తుంది. నేను చూసిన పడిపోవడాల్లో ఎక్కువ దిగేటప్పుడు జరిగినవే.

జెట్టీ ఇంకా పది గజాల దూరంలో ఉండగానే సంచులు భుజానికేసుకుని లేచి నిలబడతారు, ఆర్టీసీ బస్సు స్టాండులోకి వస్తున్నట్టు. పడవ జెట్టీకి తగలగానే ఒక కుదుపు వస్తుంది, నిలబడినవాళ్లంతా ఒకరి మీద ఒకరు. లేచినవాళ్లు సరిపోనట్టు అందరూ జెట్టీ వైపుకే జరుగుతారు, పడవ ఆ వైపుకు వంగుతుంది. గంటసేపు ఒకే తీరులో కూర్చున్న కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి, లేచాక గానీ ఆ సంగతి తెలియదు.

పడవ తగలాలి. ఇంజన్ ఆగాలి. రెండు తాళ్లూ కట్టాలి. అప్పుడు కూర్చున్నచోటే కాళ్లు రెండుసార్లు ఆడించుకోండి. జెట్టీకి దగ్గరున్నవాళ్లు మొదట, అవతలి వైపువాళ్లు చివర, ఒక్కొక్కరే దిగాలి. ఎక్కిన పద్ధతే తిరగేసి, ముందు జెట్టీ మీద కూర్చుని, తర్వాత కాళ్లు పైకి లాక్కుని, ఆ తర్వాతే నిలబడాలి. జాకెట్ విప్పేది జెట్టీ మీద కాదు, ఒడ్డు మీదికి వెళ్లాక. జెట్టీ కింద కూడా నీళ్లే.

రేవు మీద సాయంత్రం

మెరీనా అనగానే మనవాళ్లకు చెన్నై బీచ్ గుర్తొస్తుంది. నిజానికి మెరీనా అంటే పడవలు కట్టేసుకునే రేవు. పెద్ద పెద్ద ఊళ్లలో అక్కడే హోటళ్లు, కాఫీ షాపులు, పడవల్లోనే నిద్రపోయేవాళ్లు ఉంటారట. మనకు జెట్టీ, టీ, మక్క కంకులు. అవే చాలు. కంకి బొగ్గుల మీద కాల్చిందే తినాలి, ఉడకబెట్టింది కాదు.

దిగగానే కారెక్కేయడం పెద్ద తప్పు. తిని, నీడలో ఒక కునుకు తీసి, నాలుగింటికి మళ్లీ జెట్టీ దగ్గర ఓ పక్కన కూర్చోండి. పడవలు ఒక్కొక్కటీ తిరిగొచ్చి కట్టేసుకోవడం చూడండి. పడవతను తాడును గూటానికి రెండు చుట్లు వేసి, మూడోది తలకిందులుగా తిప్పి ఒక్క లాగు లాగుతాడు. ముడి వేసినట్టే ఉండదు. పడవ ఎంత గుంజినా బిగుసుకుంటుందే తప్ప ఊడదు, అతను వేళ్లతో ఒక్కసారి వదులు చేస్తే మాత్రం మొత్తం విడిపోతుంది. నేను నాలుగేళ్లుగా నేర్చుకుంటున్నాను. నాది బిగిస్తే రాదు, వదిలితే నిలవదు.

చెరువుల మీద థర్మాకోల్ తెప్పల మీద కూర్చుని వలలు తీసే జాలరులను చూసే ఉంటారు. మనం ఇంత పెద్ద పడవలో కప్పు కింద జాకెట్లేసుకుని కూర్చుంటే, వాళ్లు మంచం అంత తెప్ప మీద కాళ్లు నీళ్లలో పెట్టుకుని, ఒక్క చేత్తో తెడ్డు వేస్తారు. గమనిస్తే ఒకటి తెలుస్తుంది, వాళ్లూ నిలబడరు. చేపలు అమ్మేవాళ్లు కనిపిస్తే కొనండి. కొర్రమట్ట దొరికితే బేరం ఆడకండి. వెంట ఐసు డబ్బా ఉంటే, దాంట్లో మిగిలిన ఐసు అందుకే ఉంచమంటాను.

చీకటి పడకముందే బయల్దేరాలి. అడవి దారి, పశువులు ఇళ్లకు మళ్లే వేళ. ఇంటికొచ్చి పడుకున్నాక మంచం కాస్త ఊగుతున్నట్టు ఉంటుంది. కంగారు పడకండి, పొద్దున్నకు పోతుంది. మా అమ్మకైతే ఎన్నిసార్లు తీసుకెళ్లినా ఊగదు. బావమరిదికి రెండు రోజులు ఊగుతుంది. మొన్న కార్తీకంలో వెళ్లినప్పుడు వాడు ఎవరూ చెప్పకుండానే జెట్టీ అంచున కూర్చుని, "అన్నా, ముందుగాల గీ డబ్బా అందుకో" అన్నాడు.